మొట్టమాడి తాళం కేసు

వేలూరులో మూడు ఆఫీసుల మెట్లెక్కి, మూడింట్లోనూ నవ్వులపాలై, చివరికి నాకు నేనే అర్జీ పెట్టుకున్న మొనగాణ్ణి నేను. నా పరువు ఇంకా ఏమైనా మిగిలుంటే ఈ నాలుగు ముక్కలతో అదీ పోతుంది, చదవండి.

మాది పన్నెండు ఇళ్ల అపార్టుమెంటు. కొన్నవాళ్లంతా గుడియాత్తం నేతగాళ్ల బిడ్డలమే. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో చదివింది అరవం. ఎన్నికల గోడరాతలు చదివి చదివి నా అరవం మరీ గట్టిపడింది. తెలుగు అక్షరం మాత్రం ఒక్కటీ రాదు. అయినా సంఘం పెట్టి నన్ను సెక్రెటరీని చేసేసరికి నాకు మాతృభాష మీద ప్రేమ పొంగుకొచ్చింది. నిబంధనలు తెలుగులోనే ఉండాలని పట్టుబట్టి, చిత్తూరు నుంచి ఒక పంతులుగారిని పిలిపించాను. ఏం రాయాలో కూడా ఆయనకే వదిలేశాను. పన్నెండు మందిమీ గంభీరంగా సంతకాలు చేశాం. చదివినవాడు ఒక్కడూ లేడు.

కొన్నేళ్లకు, ఒక వేసవిలో, పై అంతస్తు మునిరత్నం మొట్టమాడి తలుపుకు తాళం వేశాడు. మొట్టమాడి అంటే మిద్దె పైభాగం, అందరికీ ఉమ్మడి. మా ఆవిడ సుగుణ ఏటా అక్కడే వడియాలు పెడుతుంది. పిండి గిన్నెతో పైకెళ్లి, గిన్నెతోనే దిగొచ్చింది.

"సెక్రెటరీ అంటిరే, ఈ తాళం సంగతి చూడండి. ఎండలు పోతే వడియాలు యాడ అని మా అమ్మ అడుగుతాది. మీరే చెప్పుకోవాల."

మా అత్తగారికి చెప్పుకోవడం కన్నా కోర్టుకెక్కడం సులువనిపించింది. ముందు అద్దె కోర్టుకు పోయాను.

"అద్దెకుండారా?" అన్నాడు గుమస్తా.

"సొంతిల్లు సార్."

"అద్దె లేని తగాదా మాది కాదు."

వినియోగదారుల కోర్టులో ఇంకో గుమస్తా. "ఆ మునిరత్నం మీకేమన్నా అమ్మినాడా?"

"లేదు సార్, తాళం వేసినాడు."

"ఆ తాళం మీకమ్మి, అది చెడిపోయుంటే రండి."

ఎట్టకేలకు అపార్టుమెంటు తగాదాలు వినే అధికారి ఒకాయన దొరికాడు. మునిరత్నాన్నీ పిలిపించాడు. నేను నిబంధనల కట్టను బల్లమీద పెట్టి, "అంతా దీంట్లో ఉండాది సార్" అన్నాను.

"అయితే చదవండి."

కాగితాన్ని ఇటు చూశాను, అటు చూశాను. మునిరత్నం మర్యాదగా నా చెవిలో, "అన్నా, తలకిందులుగా పట్టుకున్నట్టుండావు" అన్నాడు. వాడికీ తెలుగు రాదు. మా సంతకాలు పైన కనిపించేసరికి అనుమానం వచ్చిందట.

అధికారి పొన్నై నుంచి వచ్చే, తెలుగు చదవగలిగిన గుమస్తాను పిలిచాడు. అతను గడగడా చదివాడు: "ఇళ్లవాళ్ల మధ్య ఏ తగాదా వచ్చినా ముందు సెక్రెటరీకి అర్జీ పెట్టుకోవలెను. ఆయన తీర్పు చెప్పేవరకు ఎవరూ బయటి కచేరీకి పోరాదు."

అధికారి కళ్లజోడు తీశాడు. "సెక్రెటరీకి అర్జీ పెట్టినారా?"

"లేదు సార్."

"ఏం?"

"నేనే సార్ సెక్రెటరీ."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, కట్టను నావైపు తోశాడు. "ఇది నా పరిధి కాదు, మీ పరిధి. పోయి మీకు మీరే అర్జీ పెట్టుకోండి."

చెప్పినట్టే చేశాను. కుడిచేత్తో అర్జీ ఇచ్చి, ఎడమచేత్తో పుచ్చుకుని, మునిరత్నాన్ని విచారణకు పిలిచాను.

"తాళం ఎందుకేసినావప్పా?"

"కోతులన్నా. నీళ్ల తొట్టి మూత తీసేస్తా ఉండాయి. తాళంచెవి మా వాకిట్లో మేకుకే తగిలించి ఉండాది. ఎవురన్నా తీసుకోవచ్చు. నన్ను అడిగుంటే చెప్పేవాణ్ణి కదా."

నేను తీర్పు రాయడం మొదలుపెట్టేలోపే సుగుణ ఆ తాళంచెవి తీసుకుని పైకెళ్లి వడియాలు పెట్టేసింది. గంటకే వాన వచ్చింది. అత్తగారికి నేనే చెప్పుకున్నాను.

ఆ తర్వాత పంతం పట్టి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. మీరిప్పుడు చదువుతున్నవి అవే. సూర్యభగవానుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: చదవలేని కాగితం మీద ఇకమీదట సంతకం పెట్టను, మా ఇంట్లో ఎవరినీ పెట్టనివ్వను.

తన పేరు ఇందులో వాడుకోవడానికి అభ్యంతరం లేదని సుగుణ కింద సంతకం పెట్టింది. ఆమెకింకా తెలుగు చదవడం రాదు.