నిదానం గారి నలభై చదరాలు

ముప్పై నాలుగేళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషికి ఆ బస్సెక్కిన జనం పెట్టిన పేరు నిదానం. దూరంలో పసుపు దీపం కనిపిస్తే చాలు ఆగిపోయేవాడు. ఎవరో పరిగెత్తుకొస్తున్నారని మళ్ళీ ఆగేవాడు. ఎక్కినవాళ్ళు గడియారాలు చూసుకుని పళ్ళు నూరుకునేవాళ్ళు. నిదానమే ప్రధానం అన్నవాడు ఈ బస్సు ఎక్కి ఉండడని ఒక కండక్టరు అంటుండేవాడు. అలాంటి మనిషి రిటైరైన మూడో నెలలో క్రోషా సూది పట్టుకున్నాడంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు, ఆయన తప్ప.

కోటు ఇవ్వడానికి డ్రైక్లీనింగ్ షాపుకు వెళ్ళి, మేడ మీద నవ్వులు వినిపిస్తే ఏమిటా అని మెట్లెక్కాడు. అక్కడ ఏడుగురు ఆడవాళ్ళు, ఒక పెద్ద బుట్ట, బూడిద రంగు ఊలు ఉండలు. వాళ్ళ పెద్ద ఒక రిటైరైన డ్రాయింగ్ టీచరు, అందరికీ పంతులమ్మ. "కూర్చోండి, నిలబడితే వెలుతురుకి అడ్డం" అని ఆయన చేతిలో సూది పెట్టింది. కూర్చున్నాడు. ఏడాదిన్నరగా ప్రతి బుధవారం కూర్చుంటూనే ఉన్నాడు.

దారం వేలికి చుట్టడం, సూదితో లాగడం, ఒక కన్నులోంచి ఇంకో కన్ను పుట్టించడం, ఇంతే పని. కానీ ఆ ఇంతలోనే ఏదో సుఖముంది. బస్సు ఎంత దూరం నడిపినా సాయంత్రానికి మళ్ళీ డిపోకే చేరేది, చేతిలో ఏమీ మిగిలేది కాదు. ఇక్కడ గంట గడిస్తే అరచేయంత చదరం ఒకటి మిగులుతుంది. పక్కావిడ కోడలి మీద చాడీలు చెబుతూ ఉంటుంది, ఈయన ఊఁ కొడుతూ ఉంటాడు, చదరం పెరుగుతూ ఉంటుంది. అల్లుతున్నప్పుడు ప్రతి కన్నూ తప్పే అనిపించేది ఆయనకు. అందుకని పూర్తి కాగానే ఎవరూ చూడకుండా బుట్టలో పడేసి, రెండోసారి దానివైపు చూసేవాడు కాదు.

ఆ బుట్టకు ఒక పద్ధతి ఉంది. అందరి చదరాలూ అందులోనే. ఏ చదరం మీదా ఎవరి గుర్తూ ఉండకూడదు. ఎవరికి దుప్పటో శాలువానో కావాలంటే వాళ్ళు బుట్టలోంచి ఏరుకుని అతుక్కోవాలి. "గుర్తులు పెట్టుకుంటే మీరు అల్లరు, పోట్లాడుకుంటారు" అనేది పంతులమ్మ.

నిదానానికి అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఆయనకు ఒక అక్క ఉంది, పన్నెండేళ్ళు పెద్దది. తల్లి పోయాక చొక్కాల ఫ్యాక్టరీలో పనిచేసి తమ్ముణ్ణి పెంచింది. మొదట కాజాలు కుట్టింది, తర్వాత ముప్పై ఏళ్ళు ఇతరులు కుట్టినవి తనిఖీ చేసింది. వచ్చే సోమవారం ఆమెకు మోకాలి ఆపరేషన్. డెబ్బై రెండేళ్ళ వయసులో ఆపరేషన్ అంటే ఆయన గుండెల్లో రాయి పడింది. ఏసీ గదిలో చలి కదా, మంచి శాలువా కొని తెస్తానన్నాడు.

"కొన్నది నాకొద్దు. నువ్వు అల్లింది తే, కప్పుకుంటాను. ఊళ్ళోవాళ్ళందరి చేతా అల్లించి నీ పేరు పెట్టుకుని తెచ్చావంటే వేలు పెట్టి చూసి చెప్పేస్తా" అంది అక్క.

తనను పెంచిన మనిషికి తన చేత్తో చేసి ఇచ్చింది ఈ జన్మలో ఒక్కటీ లేదు. ఇదొక్కటైనా ఇవ్వాలని ఆయన కోరిక. తర్వాత అవకాశం ఉంటుందో లేదోనన్న భయమూ ఉంది, దాన్ని పైకి అనలేదు.

బుధవారం బుట్ట బోర్లించి చూస్తే నూటికి పైగా చదరాలు. ఏవి తనవి? తల గోక్కున్నాడు. అన్నీ ఒకే ఊలు, ఒకే కొలత. కొన్ని చక్కగా, నాలుగు మూలలూ గీత గీసినట్టున్నాయి. అడుగున ఉన్నవి మాత్రం ఒక మూల లోపలికి, ఒక మూల బయటికి పోయి ఉన్నాయి. ఇంక ఆలోచించేదేముంది, వంకరవి తనవే! ఒక్కటి వదలకుండా ఏరితే సరిగ్గా నలభై వచ్చాయి. ఇంటికి తీసుకెళ్ళి మూడు రోజులు కూర్చుని అతికాడు.

"ఇవి చదరాలా, అలిగిన పిల్లల మొహాలా?" అంది భార్య.

"నావి. అలాగే ఉంటాయి" అన్నాడు. కాకి పిల్ల కాకికి ముద్దు మరి.

శనివారం అంచు ఎలా అల్లాలో అడగడానికి శాలువా పట్టుకుని మేడ మెట్లెక్కాడు. పంతులమ్మ ఒక్కతే ఉంది, కిటికీలు తుడుస్తోంది. శాలువాను బల్ల మీద పరిచి, చదరాలను ఒక్కొక్కటే వేళ్ళతో తడిమింది.

"డ్రైవర్ గారూ, ఇవన్నీ నావే కదండీ!"

"మీవా?"

"చివర రెండు ముడులేస్తాను నేను. చెయ్యి వణుకుతోంది కదా, ఒక్క ముడి నిలవదు. ఇవిగో చూడండి, ప్రతిదానికీ రెండేసి." ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఏడాదిగా నావెవరూ తీసుకోవడం లేదు, అడుగునే పడి ఉంటున్నాయి. నాకు తెలుసు. పాపం పైకి ఎవరూ ఏమీ అనరు. మీరు మాత్రం ఏరి ఏరి నావే తీసుకున్నారు, అదీ మీ అక్కగారి కోసం!"

నిదానం పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా అయింది. నిజం చెబితే ఈవిడ మనసు విరుగుతుంది. చెప్పకపోతే అక్కకిచ్చిన మాట పోతుంది. నోరు తెరిచాడు, వేరే మాట వచ్చింది. "మరి నావేవండీ?"

"మీరు అల్లుతుంటే అందరం చూస్తూనే ఉంటాంగా, మీవి బుట్టలో ఆగుతాయా? పడిన వారమే ఎత్తుకుపోతారు. కింద షాపు వాళ్ళ పాప దుప్పటి నిండా మీవే కదా!"

వేళాకోళం చేస్తోందేమో అని ఆమె మొహంలోకి చూశాడు. అలా ఏమీ లేదు. తన చేత్తోనే అంచు అల్లుతానని ఆమె సూది అందుకుంది. కాదనలేకపోయాడు. గంట తర్వాత మెట్లు దిగి, తన వీధి మలుపు దాటి రెండు వీధులు ముందుకు పోయాక గానీ ఇల్లు దాటిపోయానన్న సంగతి ఆయనకు తెలియలేదు.

సోమవారం పొద్దున్నే ఆసుపత్రిలో అక్క ఆకుపచ్చ గౌను వేసుకుని మంచం మీద కూర్చుని ఉంది. శాలువా అందుకుని, బొటనవేలితో ఒక చదరం తడిమింది, ఇంకోటి తడిమింది.

"ఇది నీ చెయ్యి కాదు. ఎవరిదో వణికే చెయ్యి."

జరిగిందంతా నత్తి నత్తిగా చెప్పేశాడు. తిడుతుందనుకున్నాడు, తిట్టలేదు.

"వంకరవి చూసి నావే అనుకున్నావా? ఎందుకురా?"

"ఏమో అక్కా. వంకర కనబడితే నాదే అనిపించింది."

అక్క శాలువా పక్కన పెట్టింది. "సూది తెచ్చావా?"

జేబులో సూదీ ఉంది, ఊలూ ఉంది. ఆమె చూస్తుండగా అల్లడం మొదలుపెట్టాడు. నలభై నిమిషాలకు చదరం పూర్తయింది. అక్క దాన్ని వెలుతురులో పట్టుకుంది, వెనక్కి తిప్పింది, గోరుతో అంచు గీసి చూసింది. నాలుగు మూలలూ తిన్నగా ఉన్నాయి.

"నీకు ఏడేళ్ళప్పుడు నా పక్కన కూర్చుని ఒక కాజా కుట్టావు, గుర్తుందా?" అంది.

"లేదే."

"ఆ చొక్కా వెనక్కొచ్చింది. నీవి వంకర చేతులు, ఎందుకూ పనికిరావని వీపు మీద ఒక్కటిచ్చాను. నాకూ పంతొమ్మిదేళ్ళేగా, ఎవరిమీద చూపించను కోపం? ఆ తర్వాత నువ్వు మళ్ళీ సూది ముట్టుకోలేదు."

ఎంత గింజుకున్నా ఆయనకు ఏమీ గుర్తు రాలేదు. "నిజంగా గుర్తులేదక్కా."

"నాకుందిరా."

ఇంతలో నర్సు చక్రాల మంచం తోసుకొచ్చింది. అక్క దాని మీదికి మారి, పంతులమ్మ శాలువాను మెడదాకా లాక్కుంది.

"నాది కాదుగా అది, వద్దన్నావుగా?" అన్నాడు నిదానం అయోమయంగా, మంచం వెంట నడుస్తూ.

"ఇవాళ్టికి ఆవిడది కప్పుకుంటాను. నీది అడిగే మొహం నాకు లేదు."

తలుపు దగ్గర నర్సు శాలువా తీసి ఆయన చేతికిచ్చింది. తలుపు మూసుకుంది. ఆయన బయట బల్ల మీద కూర్చుని, ఆ ఒక్క చదరాన్నీ ఒళ్ళో పెట్టుకుని, ఎక్కడో ఒక వంకర ఉండకపోదని ఇటు తిప్పీ అటు తిప్పీ వెతికాడు. లోపల ఆపరేషన్ జరిగినంతసేపూ వెతికాడు. దొరకలేదు. దొరకనందుకు ఏడుపెందుకొస్తోందో ఆయనకు అర్థం కాలేదు.