రెండో డిస్క్

ఒడ్డున తిప్పి చూడని ఇంజన్‌ని మా నాన్న ఏనాడూ నమ్మలేదు. జంగ్లీఘాట్ రేవు దగ్గర మా ఇంటి వెనక ఒక నీళ్ల డ్రమ్ము ఉండేది. ప్రతి ఆదివారం పొద్దున్నే పడవ స్పేర్ ఇంజన్‌ని ఆ డ్రమ్ము అంచుకి బిగించి, "రాయే గుంటా, తాడు లాగు" అని నన్ను పిలిచేవాడు. అది నీళ్లు చిమ్ముకుంటూ అరిచేదాకా నాకు టిఫిన్ లేదు. "ఒడ్డున పలకనిది నడిసంద్రంలో పలుకుతాదేటి?" అనేవాడు. ఆ తాడు లాగే పని అన్నయ్యకి కూడా ఇచ్చేవాడు కాదు.

పెద్దయ్యాక గోల్ ఘర్ దగ్గర, దీవుల మధ్య తిరిగే బోట్లకు టికెట్లు అమ్మే ఒక ఆఫీసులో కంప్యూటర్ పనికి కాంట్రాక్టు మీద చేరాను. మా ఇన్‌చార్జి తెలుగువాడే, లంబాలైన్‌లో ఉండేవాడు. మనవాడు కదా, కాస్త చూసుకుంటాడని సంబరపడ్డాను. నా ఖర్మ.

ఒకరోజు సర్వర్‌లో సిస్టమ్ ఉండే డిస్క్ పాడైంది. సగం రోజు టికెట్లు ఆగిపోయాయి. జెట్టీ దగ్గర జనం మా కౌంటర్ అద్దం పగలగొట్టినంత పని చేశారు. మేనేజర్ వచ్చి ఏమైందని అడిగితే ఇన్‌చార్జి నా వైపు వేలు చూపించాడు. "నిన్న సర్వర్ సరిగ్గా బంద్ చెయ్యలేదు సర్. చేపలు కోసుకునే ఇంటి పిల్లకి కీబోర్డ్ ఇస్తే ఇంతే" అన్నాడు. ఆఫీసంతా విన్నది. ఆ ముందు రోజు సర్వర్ ఆపింది ఆయనే. ఆ మాట చెబితే నమ్మేవాళ్లెవరు? నా కాంట్రాక్టు నెలాఖరుకి అయిపోతుంది. పొడిగించాలో వద్దో మేనేజర్ చేతిలో ఉంది. వెళ్లి నా సీట్లో కూర్చున్నాను. కడుపు మాత్రం భగభగ మండింది.

తర్వాత ఓడలో రెండు కొత్త డిస్కులు వచ్చాయి. ఒకదాని మీద రాసేదంతా రెండోదాని మీద కూడా పడేలా మిర్రర్ పెట్టాలి. ఒకటి పోతే రెండోది నడుస్తుంది. ఇన్‌చార్జి తనే కూర్చుని చేశాడు. రిజిస్టర్‌లో "మిర్రర్ పూర్తయింది, పరీక్షించడమైనది" అని రాసి సంతకం పెట్టాడు. పరీక్షించింది ఎవరు, ఎప్పుడు? నేనైతే చూడలేదు.

"సర్, మొదటిది తీసేసి రెండోదానితో ఒక్కసారి ఆన్ చేసి చూద్దామా?" అన్నాను.

"అడిగినప్పుడే నోరు తెరువు. సమఝ్ గయీ?" అన్నాడు.

సరే, అడిగినప్పుడే తెరుస్తా.

గురువారం ఆయన భోజనానికి వెళ్లగానే కూర్చుని చూశాను. అనుకున్నట్టే ఉంది. ఆన్ చేయగానే మిషన్ ముందు చదివే చిన్న ముక్క ఒకటి డిస్క్ మొదట్లో ఉంటుంది. మిర్రర్ దాన్ని కాపీ చెయ్యదు, మనమే రెండో డిస్క్ మీద విడిగా రాయాలి. ఆయన రాయలేదు. సమాచారమంతా ఉన్నా రెండో డిస్క్ లేవదు. సరిచెయ్యడానికి ఒక్క లైను చాలు. ఆ లైను టైపు చేశాను కూడా. ఎంటర్ మీద వేలు పెట్టి, మళ్లీ తీసేశాను. లైను చెరిపి, నా డబ్బా విప్పుకుని అన్నం తిన్నాను. ఆరోజు పులుసు ఎంత రుచిగా ఉందో!

సోమవారం మేనేజర్ వచ్చాడు. రిజిస్టర్ చూసి, "అచ్ఛా, ఏక్ డిస్క్ నికాలో. దేఖ్‌తే హైఁ" అన్నాడు. ఇన్‌చార్జి నవ్వుతూ సర్వర్ ఆపి, మొదటి డిస్క్ లాగి, ఆన్ చేశాడు.

నల్లటి తెర మీద ఒక గీత మిణుకుమంటూ కూర్చుంది. మళ్లీ ఆన్ చేశాడు. మళ్లీ అదే గీత. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. బయట కౌంటర్ దగ్గర జనం గోల మొదలైంది.

"కిసీ కో పతా హై?" అని మేనేజర్, ఎవరికైనా తెలుసా అన్నట్టు అందరినీ చూశాడు.

"ఇప్పుడు అడిగారు కాబట్టి చెప్తాను సర్" అని లేచాను. సీడీతో మిషన్ లేపి, ఆ ముక్క రెండో డిస్క్ మీద రాసి, మళ్లీ ఆన్ చేశాను. లాగిన్ తెర వచ్చింది. మొదటి డిస్క్ తిరిగి పెట్టి, రెండూ సమానమయ్యాక, ఈసారి రెండోది తీసి మొదటిదానితో కూడా లేపి చూపించాను. నా కాంట్రాక్టు ఏడాది పొడిగించారు. ఇన్‌చార్జిని జెట్టీ కౌంటర్‌కి వేశారు. సామాను సర్దుకుంటున్నప్పటి ఆ ముఖం తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు చల్లబడుతుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఆ సోమవారం సాయంత్రం వల బాగుచేసుకుంటున్న నాన్న పక్కన కూర్చుని అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

"గురువారమే తెలిసిందా నీకు?" అన్నాడు.

"తెలిసింది."

"మద్దిలో ఆ మొదటిది పోయుంటే?"

"పోలేదు కదా నాన్నా."

వల పక్కన పెట్టాడు. "ఆడు నిన్ను అన్నాడు, ఆడి మీద పగుంచుకో. టికెట్లు కొనుక్కునోళ్లు నిన్నేటన్నారే? మన రేవులో పగోడి పడవకి కన్నం సూసినా, సెప్పకుండా సంద్రంలోకి పంపం."

రోషం పొడుచుకొచ్చి లోపలికి వెళ్లిపోయాను. ఇన్‌చార్జి నన్నన్న మాట నాన్న వినలేదు కదా, విన్నవాళ్లకి తెలుస్తుంది అనుకున్నాను.

ఆదివారం నిద్ర లేచేసరికి వెనకాల స్పేర్ ఇంజన్ అరుస్తోంది. నాన్న నన్ను పిలవలేదు. తాడు తనే లాగుకున్నాడు.