భిలాయి ప్రయాణం: పొందూరు చీర, కోసా అంచు, ఒక ఒప్పంద పత్రం

ఈ ప్రయాణం ఒక ఈమెయిల్‌తో మొదలైంది. విశాఖపట్నంలో నేను పాఠాలు చెప్పే కాలేజీలో పాత నేత బట్టల్ని దగ్గరగా ఫొటోలు తీసి, కొలతలు రాసి, కంప్యూటర్లో భద్రపరిచే పని ఒకటి పెట్టుకున్నాం. రాయపూర్‌లోని ఒక కాలేజీ చరిత్ర శాఖ మాతో చేతులు కలిపింది. కెమెరాలు, మనుషులు మావి. దాచిపెట్టే సర్వరు, జాబితా వాళ్ళవి. బట్ట ఎవరిదో వాళ్ళు మూడో భాగస్వామి. ఆ మూడో సంతకం పడందే ఒక్క ఫొటో కూడా బయట పెట్టకూడదని నియమం. ఆ సంగతి తెలిసి, భిలాయి ఉక్కు ప్లాంటు లేబొరేటరీలో రిటైరైన ప్రకాశరావు గారు రాశారు: "మా చర్చిలో ప్రభు బల్ల మీద పరిచే పాత గుడ్డ ఒకటుంది. ప్లాంటు కడుతున్న రోజుల్లో పొందూరు చీరతో కుట్టింది. బాగా చివికిపోయింది. ఈ ఆదివారం కత్తిరించి, ఇంటికో ముక్క జ్ఞాపకంగా పంచాలని కమిటీ అనుకుంటోంది. ఈలోగా రాగలరా?" బుధవారం అది చదివాను. గురువారం సాయంత్రానికి ట్రైపాడ్ ఒళ్ళో పెట్టుకుని రైల్లో ఉన్నాను.

విశాఖ నుంచి వచ్చేవాళ్ళకి ఇది తేలికైన దారే. సాయంత్రం ఎక్కిన బండి పొద్దున్న తొమ్మిది దాటాక నన్ను రాయపూర్‌లో దింపింది. అక్కణ్ణించి దుర్గ్ వెళ్ళే లోకల్‌కి టికెట్టు పది రూపాయల లోపే, ప్రయాణం ముప్పావు గంట. భిలాయి పేరుతో మూడు నాలుగు స్టేషన్లున్నాయి, కంగారు పడకండి. కూలీల పాత బస్తీలైన క్యాంపులకైనా, ప్లాంటు క్వార్టర్లుండే సెక్టర్లకైనా పవర్ హౌస్‌ స్టేషన్లో దిగితే దగ్గర. ఛత్తీస్‌గఢ్ వేరే రాష్ట్రమై ఆరేడేళ్ళయినా కొన్ని దుకాణాల బోర్డుల మీద 'మధ్యప్రదేశ్' అన్న మాట కొత్త రంగు కింద నుంచి ఇంకా కనిపిస్తూనే ఉంది.

స్టేషను బయట సెక్టర్ 2కి ముప్పై రూపాయలకి ఆటో మాట్లాడుకున్నాను. ఫోన్లో నా తెలుగు విని డ్రైవరు వెనక్కి తిరిగాడు. "మీది శ్రీకాకుళమా దీదీ? మా నాన్నది టెక్కలి. నాకు తెలుగు సమఝ్ మే ఆతా హై, మాట్లాడ్డమే థోడా కష్టం" అన్నాడు. ఆ కష్టం పడుతూనే దారి పొడుగునా మాట్లాడాడు.

ప్రకాశరావు గారి క్వార్టర్లో ఆయన భార్య వేడి వేడి చీలాలు పెట్టింది. చీలా అంటే ఇక్కడి బియ్యప్పిండి అట్టు. దాంట్లోకి మాత్రం మన టమాటా పచ్చడే. తినడం పూర్తి కాకుండానే ఆయన చిన్న పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టారు. ఉక్కు ముక్కల్లో సన్న పగుళ్ళు చూసే భూతద్దం. "ముప్పై ఏళ్ళు స్టీలు చూశానండీ దీంతో. దారాలు లెక్కపెట్టడానికి పనికొస్తుందా?" అన్నారు. పనికొస్తుందా అని మెల్లగా అడుగుతున్నారు గానీ, అప్పటికే తన లుంగీ మీద పెట్టి లెక్కపెట్టేశారట!

పదకొండున్నరకి రైలు పట్టాలు దాటి క్యాంప్ 1 చేరాం. ఆటో పట్టని సందులు, గోడకి గోడ ఆనుకున్న చిన్న ఇళ్ళు. గుడ్డని ఉతికి, మడిచి ఇన్నేళ్ళుగా దాస్తున్న రాహేలమ్మ గారిల్లు ఆ సందుల్లోనే. డెబ్భై దగ్గర పడుతున్న మనిషి. మంచం కిందనుంచి రేకు పెట్టె లాగి, తెల్ల దుప్పటి పరిచి, దానిమీద గుడ్డని మడత మడతగా విప్పింది. మీగడ రంగుకి తిరిగిన పొందూరు ఖద్దరు. వాలుగ చేప దవడతో ఏకిన కొండపత్తి నూలు, చేత్తో పట్టుకుంటే బరువే తెలీదు. దాని చుట్టూ తేనెరంగు పట్టు అంచు, అంచు మీద చిన్న చిన్న గోపురాల వరస. టసర్ పట్టు! ఇక్కడ దాన్ని కోసా అంటారు. ఆంధ్ర నూలూ ఛత్తీస్‌గఢ్ పట్టూ ఒకే గుడ్డలో కలవడం నేనెక్కడా చూడలేదు.

"నా పెళ్ళి చీరమ్మా ఇది" అంది రాహేలమ్మ. "మా అయ్య పొందూరెల్లి తెచ్చినాడు. మేవొచ్చినప్పుడు ఇక్కడ గుడి నేదు, రేకుల షెడ్డులో ప్రార్థన. బల్ల మీద తువ్వాలు పరిస్తే సూడనేకపోనాను. చీర కోసీసినాను."

"మీ ఆయన ఏమన్నారు మామ్మా?"

"ఏటంటాడు? కోసీసాక సెప్పినాను!"

నవ్వుతూనే ఒప్పంద పత్రం తీశాను. ప్రకాశరావు గారు ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెబుతున్నారు. 'తయారుచేసినవారి పేరు' అన్న చోటికి వచ్చేసరికి రాహేలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ అంచు నాది కాదు బాబూ. సుఖ్‌బతీది."

సుఖ్‌బతీ ఆ రోజుల్లో పక్క గుడిసెలో ఉండేదట, ఇక్కడి నేతవాళ్ళ ఇంటి కోడలు. ఇద్దరికీ ఒకళ్ళ భాష ఒకళ్ళకి రాకపోయినా ఒకే పొయ్యి మీద వండుకునేవారట. చీర కోయడం చూసి, అంచు లేకుండా బాగోదని తన మగ్గం మీద తనే నేసి ఇచ్చింది. తీరా గుడ్డని చర్చికి ఇచ్చిన రోజు, మన విశ్వాసం కాని మనిషి పేరెందుకని అప్పటి పెద్దలు ఆమె పేరు తీసేశారు.

"రాహేలు ఒక్కర్తే సేసిందని సదివేరు. నాను నోరెత్తనేదు. అది గుమ్మం బయట నిలబడి ఇన్నాది" అంది ముసలామె. తర్వాత సుఖ్‌బతీ భర్తకి రైల్వే యార్డులో పని దొరికి భిలాయి-3 స్టేషను దగ్గరికి వెళ్ళిపోయారు. కొన్ని కిలోమీటర్ల దూరం. నలభై ఏళ్ళు దాటినా రాహేలమ్మ ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

"సంతకం పెట్టెయ్యండి మామ్మా, వెలుతురుండగా అమ్మాయి పని చేసుకుంటుంది" అన్నారు ప్రకాశరావు గారు.

"దొంగ సంతకం ఏటి బాబూ!"

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో ఆమె పెట్టేస్తే బాగుండునని నాకూ అనిపించింది. మధ్యాహ్నపు వెలుతురు పోతే రంగులు సరిగ్గా రావు. కానీ ఆవిడ అప్పటికే చెప్పులేసుకుంది. "అంచు ఫొటో ఒకటి తియ్యి తల్లీ, దానికి సూపించాల" అంది. తీసి, లాప్‌టాప్‌లో వేసుకుని బయల్దేరాం.

ఆటో రానూపోనూ నూట యాభై. పెద్ద రోడ్డు మీదుగా అరగంట కూడా పట్టలేదు. యార్డు పక్క బస్తీలో టీ కొట్టు దగ్గర అడిగితే ఇల్లు చూపించారు. అరుగు మీద ఒక సన్నటి ముసలామె మినప వడియాలు తిరగేస్తోంది. రాహేలమ్మ గుమ్మానికి ఇవతలే ఆగిపోయింది.

"మై రాహేల్. క్యాంప్ ఏక్ వాలీ."

సుఖ్‌బతీ కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది. "ఆవ్, బైఠ్" అంది. వచ్చి కూర్చోమని. రాహేలమ్మ కూర్చోలేదు. వచ్చీరాని హిందీలో, ఆ రోజు నీ పేరు చెప్పనివ్వకపోయినా నేను ఊరుకున్నాను, తప్పు నాది అంది.

సుఖ్‌బతీ చెయ్యి వడియాల మీద ఆగింది. "అందరిముందూ తీసేసిన పేరు. నా గుమ్మంలో ఒక్కదానివీ చెప్తే సరిపోతుందా?" అని ఛత్తీస్‌గఢీలో అడిగింది.

"చాలదు" అంది రాహేలమ్మ. "అందుకే కాగితం తెచ్చినాను."

నేను గబగబా లాప్‌టాప్ తెరిచి అంచుని పెద్దది చేసి చూపించాను. సుఖ్‌బతీ ముఖం తెర దగ్గరికి పెట్టి, గోపురాల వెంట వేలు నడిపించుకుంటూ పోయి ఒకచోట ఆపింది. "ఏదే మోర్ గల్తీ!" అని అరిచింది. ఇదిగో నా తప్పు! ఒక గోపురానికి ఒక మెట్టు ఎక్కువ పడింది. "మా పెద్దాడు ఏడుస్తుంటే ఈ రాహేలే ఎత్తుకుంది. వాణ్ణి చూస్తూ లెక్క తప్పాను" అంటూ నవ్వింది. రాహేలమ్మ అప్పుడు కూర్చుంది. మామూలు కంటికి పీలికలా కనిపించే చోట, నేసిన చెయ్యి తన పనిని తనే పోల్చుకుంది. నేనైతే ఎగిరి గంతెయ్యడమే తక్కువ!

ఆదివారం కత్తిరిస్తారని చెప్పేసరికి మాత్రం సుఖ్‌బతీ నవ్వు ఆగిపోయింది. "నా సగం మీద కత్తెర పెట్టనివ్వను. నా పేరు అక్కడే, అందరిముందూ చదవాలి" అంది. ఆ రెండు షరతులూ పత్రంలో చేర్చమంటూ రాయపూర్ చరిత్ర శాఖ ప్రొఫెసరు గారికి అక్కణ్ణించే ఫోన్ చేశాను. "రాసెయ్యండి, ఇలాంటివి ముందే రాసి ఉండాల్సింది" అన్నారాయన. సుఖ్‌బతీ ఒక్కో అక్షరం ఆలోచించుకుంటూ హిందీలో తన పేరు తనే రాసింది. పక్కన రాహేలమ్మ తెలుగులో రాసింది.

రెండున్నరకి క్యాంప్ 1లో కెమెరా నిలబెట్టాను. రంగులు సరిచూసుకునే పట్టీ పక్కన పెట్టి, గుడ్డని గడులుగా విడదీసి, పక్కనుంచి వెలుతురు పడేలా ఒక్కో గడీ తీస్తూ వెళ్ళాను. ప్రకాశరావు గారు భూతద్దంతో పడుగూ పేకా లెక్కపెట్టి, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా గట్టిగా చదివారు. ఐదింటికి ఆఖరి ఫొటో. ఆ తర్వాత రాహేలమ్మ కమిటీ సెక్రటరీకి ఫోన్ చేయించుకుని, "సగం గుడ్డ మనది కాదు బాబూ, దాని మనిషి కోయొద్దంటున్నాది. దాని పేరూ అందరి ముందర సదవాల" అని రెండు ముక్కల్లో చెప్పి పెట్టేసింది. అవతలి మనిషి ఏమన్నాడో మాకు వినిపించనేలేదు.

శనివారం టికెట్టు రద్దు చేసుకున్నాను. ఆదివారం సుఖ్‌బతీ కోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఈసారి లోపల, రెండో వరసలో కూర్చుంది. సెక్రటరీ కాస్త ముభావంగానే లేచి, "ఈ గుడ్డ చేసినవారు రాహేలు, సుఖవతి" అని చదివాడు. "సుఖ్‌బతీ!" అని ఆవిడ కూర్చున్నచోటునుంచే సరిచేసింది. చర్చంతా నవ్వింది. సెక్రటరీ కూడా నవ్వి, మళ్ళీ చదివాడు. గుడ్డని కత్తిరించలేదు. మెత్తటి నూలుబట్టలో చుట్టి, లావుపాటి గుండ్రటి కర్రకి వదులుగా చుట్టి పెట్టడం వాళ్ళకి నేర్పించి వచ్చాను.

భాగస్వామ్యం అంటే రెండు సంస్థల మధ్య కాగితం అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. సర్వరులో ఎంత చోటుంది, ఫొటో ఎన్ని పిక్సెళ్ళు అన్న లెక్కల్లో పడి, బట్ట నేసిన మనిషి ఇంకా బతికే ఉండొచ్చని, ఆమెకీ మనతో చెప్పుకోవలసింది ఉండొచ్చని నాకు తట్టనే లేదు. భిలాయిలో ఆ సంగతి కాలేజీలు రెండూ కాదు, సంతకానికి ఒప్పుకోని ఒక ముసలామె నేర్పింది. ఆ మధ్యాహ్నం పోయిన రెండు గంటల వెలుతురు నాకిప్పుడు ఏమాత్రం నష్టంలా అనిపించడంలేదు.

ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. పత్రంలో తయారుచేసినవారి పేరుకి ఒక్క గీత మాత్రమే వదలకండి, నాలుగు గీతలు వదలండి. ఖాళీ గీత కనిపిస్తే చాలు, ఎవరో ఒకరికి ఇంకో పేరు గుర్తొస్తుంది.