పళ్ళాయన దాచిన గుట్టు

వీధిలో సగం నవ్వులు ఆయన చేతి పనే, కానీ ఆ సంగతి పైకి చెప్పుకునే యోగం లేదు. కట్టుడు పళ్ళు చేసేవాడి పేరు ఎవరు చెప్పుకుంటారు? వెనక గదిలో మైనం కరిగిస్తూ, అచ్చులు పోస్తూ, ‘పళ్ళాయన’ అన్న పిలుపుతోనే తల నెరిసింది. పెళ్ళిళ్ళలో తను చేసిన పళ్ళు ఎదురైతే చూపు తిప్పేసుకునేవాడు. ఎలా పరిచయమని ఎవరైనా అడిగితే పాపం, వాళ్ళేం చెప్తారు?

మొన్న ఒక పెద్దమనిషి వచ్చి జేబురుమాలు విప్పాడు. అందులో పైవరస పళ్ళసెట్టు.

“మా ఆవిడ పోయిందండీ. ఆసుపత్రిలో నర్సు ఆవిడ సామాన్లతోపాటు దీన్నీ నా చేతిలో పెట్టింది. మా ఆవిడ పళ్ళు ముత్యాలు! ఎవరివో తెచ్చి అంటగట్టింది. ఇవి ఆవిడవి కావని ఒక ముక్క రాసివ్వండి, ఆ నర్సు ఉద్యోగం ఊడగొట్టిస్తాను.”

పళ్ళాయనకు తిప్పి చూసే పని లేకపోయింది. కోరపన్ను కాస్త వంకరగా పెడితేనే సొంతవాటిలా ఉంటాయని పట్టుబట్టింది ఆవిడే. “నేను పోయాక కూడా మా ఆయనకి తెలియకూడదు” అని మాట తీసుకుందీ ఆవిడే.

రేపు రమ్మని ఆయన్ని పంపించి, మేడమీద వకీలు గదికి వెళ్ళాడు.

“పోయినవాళ్ళ గుట్టు బయటపెడితే నిలదీసే హక్కు ఎవరిది బావా?”

“అయినవాళ్ళది. అందరికంటే ముందు మొగుడిది.”

“ఆ మొగుడి దగ్గరే దాచుకుంటేనో?”

వకీలు బుర్ర గోక్కున్నాడు. “చట్టానికి అంత సంసారం తెలీదు బావా.”

మర్నాడు పెద్దమనిషి రాగానే పళ్ళాయన గొంతు సవరించుకున్నాడు.

“ఇవి చేసింది నేనే. ఎవరికి చేశానో మాత్రం అడక్కండి. ఆ నర్సు తప్పేం లేదు, వదిలెయ్యండి.”

“ఎవరికో చెప్పడానికి మీకేం నొప్పి?” అని పెద్దమనిషి కస్సుమన్నాడు. ఆ మీదట ఆయన మొహం మెల్లగా పాలిపోయింది.

“నా దగ్గర కూడానా...?”

పళ్ళాయన ఒక స్టూలు ఆయన ముందుకి జరిపి, ఎదురుగా తనూ కూర్చున్నాడు.

“మా వదినకి పళ్ళు ఊడితే ‘బోసినోటి మహారాణి’ అని ఏడిపించాను. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వాం. మా ఆవిడా నవ్విందండీ.”

పెద్దమనిషి స్టూలు మీద కూలబడ్డాడు.

“ఏళ్ళ తరబడి గోడవైపు తిరిగి పడుకునేది. నామీద కోపమనుకుని నేనూ ఇటు తిరిగి పడుకునేవాణ్ణి.”

రుమాలు మడవబోయి, మడవలేక, రెండు చేతుల్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. వీధిలోవాళ్ళ కంట పడకుండా పళ్ళాయన లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.