పాత ఏసీలో చెంచా

ఆ ఇంట్లో ఏసీలకు కూడా హోదాలుండేవి. కొత్తగా కొన్నది ముందు మజ్లిస్‌లో, అంటే చుట్టాలూ పెద్దమనుషులూ వచ్చి కూర్చునే హాల్లో, కొలువు తీరేది. అక్కడ పాతబడ్డాక లోపలి గదుల్లోకి దిగేది. లోపల కూడా పాతబడ్డాక వంటింటి వెనకున్న నా గదికి వచ్చేది. నా దగ్గరికి చేరేసరికి దానికి మిగిలేవి రెండే, బరువూ దుమ్మూ. నా తర్వాత ఇంకో హోదా లేదు కాబట్టి అది నా గోడలోనే ప్రాణం వదలాలి.

ఇది రెండు వేల నాలుగు నాటి మాట. దుబాయ్‌లో, అల్ కుసైస్ అనే పేటలో, అరబ్బుల విల్లా ఒకదానిలో వంటా ఇంటిపనీ చేసేదాన్ని. ఇంటావిడను మామా అని పిలవాలి. మా కోనసీమలో మామ అంటే మీసాలుంటాయి, అందుకని మొదటి ఏడాది ఆ మాట అన్నప్పుడల్లా నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని. ఆవిడ అత్తగారు మామా కబీర, అంటే పెద్ద మామా. ఎనభై దాటిన మనిషి. కింద గదిలో కుర్చీలో కూర్చుని జపమాల తిప్పుకుంటూ, ఎవరైనా ఏదైనా అడిగితే ఊరుకునేది. గర్వం అనుకునేవాళ్ళు ఇంట్లోవాళ్ళు. నాతో మాత్రం మాట్లాడేది. నా గొంతు పెద్దది. మా ఊళ్ళో నేను ఇంట్లో కూర మీద విసుక్కుంటే చెరువు గట్టు మీదవాళ్ళు ఏం కూరో చెప్పేవాళ్ళు.

మే నెల మొదటి వారంలో నా గదిలో ఏసీ వేడిగాలి కొట్టడం మొదలుపెట్టింది. బయట ఎండలో ఉన్న గాలినే అది లోపలికి తెచ్చి నా మొహాన కొట్టేది. తడి దుప్పటి కప్పుకుని పడుకుంటే పావుగంటలో అది ఆరిపోయేది. ఒళ్ళంతా పేలిపోయింది. వారం తిరిగేసరికి నిలబడి కునుకు తీయడం నేర్చుకున్నాను. అన్నంలో ఉప్పు రెండుసార్లు వేశాను. పిల్లాడి బడి చొక్కా మీద ఇస్త్రీ పెట్టె పెట్టి నిద్రపోయాను. ఆ చొక్కా చూపించి మామా, ఇలాగైతే నిన్ను తెచ్చిన ఆఫీసుకే తిరిగి పంపేస్తాను అంది. నిద్ర లేదమ్మా, ఏసీ పోయింది అని చెప్పాను. బుక్రా చూద్దాం అంది. బుక్రా అంటే రేపు. ఏ రేపో చెప్పరు.

ఆ బుక్రా పన్నెండు రోజులకు వచ్చింది. వేసవి మొదట్లో ఏసీలన్నీ శుభ్రం చేసి వెళ్ళే మెకానిక్ వచ్చాడు. మనవాడే, కరీంనగర్ వైపు మనిషి. మామాతో హిందీ, నాతో తెలుగు. పై గదులన్నీ అయ్యాక నా గదికి తీసుకెళ్ళాను. ముందు మూత ఊడదీసి, లోపల ఏదో తట్టి, నా మొహం చూడకుండానే తేల్చేశాడు.

"ఇది ఖలాస్ అక్కా. కంప్రెసర్ కాలింది. దీంట్ల ఇగ ఏం లేదు."

"కాస్త చూద్దూ తమ్ముడూ. నిద్దరట్టక చచ్చిపోతన్నాను."

చూడటానికి లోపల ఏమీ లేదన్నాడు. లెక్క ప్రకారం నాకు రావలసింది మామా కబీర గదిలో ఉన్న విండో ఏసీ. అది ఎంత పాతదంటే, దాని కంపెనీ పేరు ఉన్న రేకు ఎప్పుడో ఊడిపోయింది. అయినా చల్లదనం మాత్రం కొత్తదానిలాగే ఇస్తుంది, ఆవిడకు కొత్తది వస్తే తప్ప అది నా దగ్గరికి రాదు, అది చెడిపోతే తప్ప ఆవిడకు కొత్తది రాదు, అదేమో చెడిపోయే రకం కాదు అని వరసగా చెప్పాడు. అయితే చెడిపోయిందని మామాకు చెప్పేయ్ అన్నాను. అతను స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"అబద్ధం నాతోని గాదక్కా. సప్పుడైతే సప్పుడైతాందని చెప్త. గాకుంటె గాదని చెప్త. అంతె."

ఇలాంటి నిజాయితీపరులు నాకే దొరుకుతారు. కాని ఆ మాటలోనే నాకు దారి కనిపించింది. సప్పుడే కదా కావలసింది.

మామా కబీర గదిలో ఏసీ ఫిల్టర్ వారానికోసారి కడగడం నా పనే. మర్నాడు ఫిల్టర్ కడిగి పెట్టేటప్పుడు, ఆవిడ తేనె గిన్నె ఉంచే పళ్ళెంలోంచి చిన్న చెంచా ఒకటి తీశాను. కాడ మీద పువ్వు చెక్కిన చెంచా. దాన్ని ముందు మూతకీ పెట్టెకీ మధ్య సందులో దూర్చి, కాస్త వదులుగా ఉంచి, ఏసీ వేశాను. టకటకటకమని మొదలైంది. ఆగి, మళ్ళీ టకటక. అంత గోల నేను కూడా ఊహించలేదు. మామా కబీర కుర్చీలో జపమాల తిప్పుకుంటూ నా వైపే చూస్తోంది. ఆవిడ చూపు మసక అని అందరికీ తెలుసు. ఏమీ ఎరగనట్టు బకెట్ పట్టుకుని బయటపడ్డాను.

ఇక ఆవిడ ఫిర్యాదు చేయాలి. చేయలేదు. రెండో రోజూ చేయలేదు. మూడో రోజు ఉండబట్టలేక నేనే అడిగాను, నిద్ర పట్టిందా అని. దేవుడి దయ, ఇంత బాగా పట్టి ఎన్నాళ్ళయిందో అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. చెంచాని ఇంకొంచెం వదులు చేశాను. మర్నాడు ఆవిడ భోజనం దగ్గర కూనిరాగం తీసింది. అక్కడ నేను తడి దుప్పట్లు మార్చుకుంటూ పొర్లుతుంటే, ఆవిడ నా చెంచా కింద హాయిగా నిద్రపోతోంది. ఇలాంటి అన్యాయం ఎక్కడైనా ఉంటుందా అని వంటింట్లో గిన్నెలతో మొరపెట్టుకున్నాను.

చివరికి నన్ను శుక్రవారం కాపాడింది. శుక్రవారాలు మధ్యాహ్నం భోజనానికి ఇంటాయన అక్కచెల్లెళ్ళు ముగ్గురూ వచ్చేవాళ్ళు. వాళ్ళు తల్లిని చూడటానికి వస్తారో, తల్లిని వదిన ఎలా చూస్తోందో చూడటానికి వస్తారో నేను చెప్పను. భోజనాలయ్యాక ముగ్గురూ తల్లి గదిలో కూర్చున్నారు. ఖహ్వా, అంటే వాళ్ళ కాఫీ, తీసుకుని వెళ్ళేసరికి ముగ్గురిలో పెద్దావిడ ఏసీ వైపు చూస్తోంది. ఈ గోలలో మా అమ్మ ఎలా పడుకుంటోంది అని గది మొత్తానికీ వినబడేలా అడిగింది. మామా మొహం ఎర్రబడింది. పెద్దావిడ నా వైపు తిరిగి, నిజం చెప్పు, అమ్మకు నిద్ర పడుతోందా అంది.

"ఎక్కడమ్మా, పాపం" అన్నాను.

అలా అన్నందుకు ఆ రోజు నాకు కొంచెం కూడా సిగ్గు వేయలేదు. పైగా ఖహ్వా ఒక్క చుక్క కూడా ఒలకకుండా పోసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. మామా కబీర మధ్యలో కూర్చుని అందరి మొహాలూ ఒక్కొక్కటే చూస్తోంది.

శనివారం పొద్దున్నే కరీంనగర్ తమ్ముడు, అతని వెనక ఇంకొకతను పెద్ద అట్టపెట్టె మోసుకుంటూ దిగారు. కొత్త స్ప్లిట్ ఏసీ. ఆడబిడ్డలే కొని పంపారు. పాతదాని మూత లాగగానే చెంచా అతని అరచేతిలో పడింది. చెంచా చూశాడు, నన్ను చూశాడు. గుమ్మంలో మామా నిలబడి ఏమైంది అంటోంది. సప్పుడు వస్తోంది మేడమ్, పాత మెషీన్ అని హిందీలో చెప్పాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆవిడ వెళ్ళాక చెంచా నా చేతిలో పెట్టి, మళ్ళీ పనిలో పడ్డాడు. ఇద్దరూ పాత ఏసీని మోసుకెళ్తుంటే మామా కబీర ఎక్కడికి అని చేత్తోనే అడిగింది. నా గదికి అని గట్టిగా చెప్పాను. తల ఊపింది.

ఆ మధ్యాహ్నం పనంతా ముగించి, తలుపు వేసుకుని, నా గోడలో ఆ పాత పెట్టె మీట తిప్పాను. గది చల్లబడింది. నేను ఏడ్చాను, సిగ్గుపడాల్సిందేమీ లేదు, చల్లగా ఉంటే అలాగే ఏడుపొస్తుంది. రెండింటి నుంచి నాలుగింటి దాకా ఇల్లంతా పడుకునే వేళ. ఆ రెండు గంటలూ నేను ఎక్కడున్నానో నాకే తెలియలేదు.

నాలుగో రోజు సరిగ్గా రెండింటికి ఎవరో తలుపు తట్టారు. తీస్తే మామా కబీర. చంకలో దిండు, చేతిలో జపమాల. నన్ను పక్కకు జరిపి లోపలికి వచ్చి, నా మంచం మీద పడుకుని, ఏసీ కింద గోడకు అరచెయ్యి ఆనించింది. కొత్తది మాట్లాడదు అంది. అంతే, కళ్ళు మూసుకుంది. నేను కింద చాప వేసుకున్నాను.

మర్నాడూ వచ్చింది. ఆ తర్వాత రోజూ వచ్చింది. అత్తగారు పనిమనిషి మంచం మీద పడుకుంటోందని తెలిస్తే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించుకుని, నేను నిద్ర మానేసి వంటింట్లో కాపలా కాసేదాన్ని. ఒకరోజు మామా మంచినీళ్ళకని వచ్చి, నీ గదిలోంచి గురక వస్తోందేమిటి అంది. నేనేమో ఆవిడ ఎదురుగానే నిలబడి ఉన్నాను.

"పాత ఏసీ కదా మామా" అన్నాను.

సుమారు వారం గడిచాక, ఒక మధ్యాహ్నం మామా కబీర పడుకోకుండా మంచం మీద కూర్చుంది. ఏసీ వైపు చూపించి, "వేన్ గఫ్షా?" అంది. గఫ్షా అంటే చెంచా. చెంచా ఏది అని అడుగుతోంది.

అయిపోయింది, పెట్టె సర్దుకోవడమే అనుకున్నాను. ఏ చెంచా అన్నాను, బుద్ధి తక్కువై.

"నువ్వు పెట్టావుగా. నేను చూశాను" అంది. ఆ తర్వాత ఆవిడ చెప్పింది నాకు ఒక్కో ముక్కే అర్థమైంది. ఆ ఏసీని ఆవిడ భర్త కొన్నాడు. ఆయన పోయాక ఆ గదిలో అది మోగుతుంటే ఇంకో మనిషి ఉన్నట్టుండేది. రెండేళ్ళ కిందట చెవులు తగ్గడం మొదలైంది. ముందుగా పోయింది ఆ చప్పుడే. కూతుళ్ళకు చెప్తే ఆసుపత్రులూ, చెవిలో మిషన్లూ అంటారని, కోడలికి చెప్తే కూతుళ్ళకు తెలుస్తుందని, ఎవరికీ చెప్పలేదు. ఎవరు ఏం అడిగినా వినబడక ఊరుకునేది.

"నాకు వినబడటం లేదని నువ్వొక్కదానివే కనిపెట్టావు" అంది. "వినబడేలా చేశావు. నేనేమీ అడక్కుండానే."

నా చెయ్యి పట్టుకుని ఆవిడ ఏదో దీవించింది. అసలు సంగతి నోటిదాకా వచ్చింది. నీ కోసం కాదమ్మా, నీ ఏసీ లాక్కోవడానికి పెట్టాను, నీకు నిద్ర పట్టడం లేదని అబద్ధం చెప్పింది కూడా నేనే అని. నా అంత గొంతున్నదానికి ఆ మాట పైకి రాలేదు. నా జీవితంలో నేను అంత సిగ్గుపడ్డది ఇంకోసారి లేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి, సొరుగు వెతికి, పువ్వు కాడ చెంచా తెచ్చి, ఉన్నచోటే దూర్చాను.

టకటకటక. ఆవిడ నవ్వి, గోడ మీంచి చెయ్యి తీసేసి, పడుకుంది. రెండు నిమిషాల్లో గురక. కింద చాప మీద నేను పైకప్పు చూస్తూ పడుకున్నాను. చల్లగా ఉంది, హాయిగా ఉంది, తలకాయలో ఎవరో గిన్నెలు తోముతున్నట్టుంది. ఆ వేసవిలో మధ్యాహ్నాలు నాకు కునుకు పట్టలేదు. రాత్రిళ్ళు చెంచా తీసి పడుకునేదాన్ని, మధ్యాహ్నం రెండింటికి పది నిమిషాల ముందు మళ్ళీ పెట్టేదాన్ని. కొన్నాళ్ళకు తీయడం మర్చిపోయి, దాంతోనే నిద్రపోవడం అలవాటైంది.

మరుసటి ఏడు వేసవి మొదట్లో కరీంనగర్ తమ్ముడు మళ్ళీ వచ్చాడు. పై గదులు ముగించి, నా గదికి వచ్చి, మూత లాగాడు. చెంచా మళ్ళీ అతని అరచేతిలో పడింది. చాలాసేపు దాన్నే చూశాడు.

"గిప్పుడు ఎవరి ఏసీ గావాల్నక్కా నీకు?"

"ఉండనీ తమ్ముడూ. ఆ చెంచా దానిదే."

అతను చెంచాని చొక్కా అంచుతో తుడిచి, సందులో పెట్టి, చెవి ఆనించి విన్నాడు. వదులైందని కాస్త సర్ది, స్క్రూలు బిగించి వెళ్ళిపోయాడు. రెండింటికి మామా కబీర దిండు పట్టుకుని వచ్చింది.