ఎండలో వరద

ఇరవై ఆరేళ్ల సర్వీసులో మురుగుకాలువల మేస్త్రికి ఏ వరదా చెప్పి రాలేదు. అందుకే ఆఫీసుకు కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ కాలువల్లో నీటిమట్టం కొలిచే మీటర్లు పెట్టించి, "ఇక నీళ్లు పెరిగితే మీ ఫోనే మోగుతుంది" అన్నప్పుడు నమ్మీ నమ్మనట్టు తలూపాడు. మీటర్ల లెక్కలన్నీ ఒకచోట పోగేసి, క్షణక్షణం కనిపెట్టి చూసి ఫోన్ మోగించేది ఒక సాఫ్ట్‌వేర్. దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకుని, విప్పి చూసి, కావలసినట్టు మార్చుకోవచ్చట.

"ఊరికే ఇచ్చారంటే ఎక్కడో తిరకాసు ఉంటుందమ్మా," అన్నాడు.

మర్నాడు పదకొండింటికి ఫోన్ గగ్గోలు పెట్టింది: పాత బజారు కాలువలో వరద! మేస్త్రి గొడుగూ గడ్డపారా పట్టుకుని పరిగెత్తాడు. నెత్తిన ఎండ మాడ్చేస్తోంది. ఆయన చేరేసరికి కాలువలో పాదం మునిగేంత నీళ్లు కూడా లేవు. మూడు రోజులు ఇదే తంతు. మూడోరోజు ఆయన్ని చూడగానే బజారువాళ్లు, "వరదొచ్చింది, ప్యాంట్లు మడవండ్రోయ్!" అని అరిచారు.

నాలుగోరోజు ముందే వెళ్లి కాలువ గట్టున మాటువేశాడు. సరిగ్గా పదకొండింటికి లాండ్రీ వెనక గొట్టంలోంచి నురగలు కక్కుతూ నీళ్లు దూకాయి. లోపలికి వెళ్తే లాండ్రీ యజమానురాలు ఎనిమిది తొట్ల బిరడాలూ ఒక్కసారే పీకేసి, చేతులు తుడుచుకుంటోంది.

"ఒక్కొక్కటే పీకొచ్చుగా అక్కా?"

"నా తొట్లు, నా ఇష్టం. నీ ఫోను జడుసుకుంటే దానికి తాయెత్తు కట్టించుకో!"

మేస్త్రి సంగతి చెప్పగానే ఇంజనీరమ్మ ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల చర్చావేదికలో గోడు వెళ్లబోసుకుంది. ముక్కూమొహం తెలియని ఒకాయన జవాబిచ్చాడు: ఒక్క కొలతకే కేక పెట్టనివ్వకండి, పది నిమిషాలపాటు నీరు తగ్గకపోతేనే మోగించండి, వాతావరణ కేంద్రం చెప్పే వాన లెక్క కూడా కలపండి. మార్చుకునే వీలు చేతిలోనే ఉంది కాబట్టి, ఎవర్నీ బతిమాలకుండా ఆవిడ ఆ మధ్యాహ్నమే మార్చేసింది.

"అరిచేముందు పది నిమిషాలు ఆగాలా!" మేస్త్రి నోరు తెరిచాడు. "పెళ్లయిన రోజునుంచీ మా ఆవిడ నాకిదే చెప్తోందమ్మా."

రెండు వారాలు ఫోన్ నోరు మెదపలేదు. అసలు బతికుందో లేదోనని భార్యచేత రోజుకోసారి ఫోన్ చేయించుకునేవాడు. ఒక సాయంత్రం కుండపోతగా వాన పట్టుకుంది. ఫోన్ మోగింది. మేస్త్రి వెళ్లి తూము తలుపులు ఎత్తాడు. నీళ్లన్నీ ఏటిలోకి మళ్లాయి. బజారులో ఒక్క గడపా మునగలేదు.

తడిసి ముద్దై ఇంటికొస్తే భార్య తువ్వాలు అందిస్తూ అడిగింది, "ఏమైందివాళ?"

"ఏమీ కాలేదు," అన్నాడు మేస్త్రి, ఛాతీ విరుచుకుని.