బుట్ట ఖాళీ చేసిన సాయంత్రం

మంగళవారం. నీళ్లు పట్టాను. మినప్పప్పు నానబోశాను. మూడు దుప్పట్లు ఉతికి ఆరేశాను. నాలుగోది పిండుతుండగా పక్క క్వార్టర్ నుంచి కబురు వచ్చింది, బాబాయి గారు పోయారని. కాఫీ తాగి కుర్చీలో వెనక్కి వాలారట, అంతే.

ఆయన నాకు చుట్టం కాదు. ఇక్కడి బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో ఫిట్టరుగా రిటైరై, కొడుకు క్వార్టర్‌లో ఉండేవారు. రిటైరైన డబ్బులో సగం పెట్టి ల్యాప్‌టాప్ కొన్నారు. కాలనీలో ఇంకెవరింట్లోనూ అలాంటిది లేదు.

"నెహ్రూ నగర్‌లో ప్లాటు కొనమంటే ఒళ్లో పెట్టుకునే పెట్టె కొన్నారు. ఇందులో కాపరం ఉంటామేటి?" అని ఆయన భార్య, పిన్ని, దెప్పింది.

"జాగా కావాలన్నావు కదే. ఇందులో బోల్డంత ఉంది," అన్నారాయన.

ఆ జాగా దేనికో తర్వాత తెలిసింది. ఇక్కడ హిందీ బళ్లో చదివే మన పిల్లలకి తెలుగు చదవడం రాదు, వింటే మాత్రం తెలుస్తుంది. అందుకని కాలనీలో పెద్దవాళ్లని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఏ ఊరి నుంచి వచ్చారో, మొదట ఎవరి పంచన ఉన్నారో చెప్పించి రికార్డు చేసేవారు. వాళ్లు మాట్లాడుతున్నంతసేపూ తన గొంతు అందులో పడకుండా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకునేవారు. ఊ కూడా కొట్టేవారు కాదు.

రెండు నెలలకే జాగా లేదని తెర మీద వచ్చింది.

"కొత్త పెట్టె, అప్పుడే నిండిపోడమేటి? అమ్మాయ్, నీకు లెక్క బాగా వచ్చు కదా, రా, చూడు," అని నన్ను పిలిచారు.

ఒక్కొక్కటీ ఎంత జాగా తింటోందో నోట్‌బుక్‌లో రాశాను. రాసిన ఉత్తరం గింజంత, మాట్లాడిన మాట బస్తా అంత. పాటల క్యాసెట్‌కి సరిపోయే నాణ్యతలో రికార్డు చేస్తున్నారు. దాన్ని టెలిఫోన్ గొంతు స్థాయికి దించాం. పాతవీ అలాగే మార్చాం. ఎంతో జాగా వచ్చింది. "మనిషిని పోల్చుకుంటే చాలు, సన్నాయిలా వినిపించక్కర్లేదు," అన్నారు. ఇంకో మాట కూడా అనేవారు: "వినకుండా ఏదీ తీసెయ్యకు." ఇప్పటికీ పాత కాగితం పారేసే ముందు ఆ మాట చెవిలో పడుతుంది.

నాలుగు నెలలకి మళ్లీ నిండింది. చివరి వరసలో ఉండే ముసలమ్మని మనవడు తనతో తీసుకుపోతున్నాడు. మర్నాడు పొద్దున్న తప్ప ఆమె మళ్లీ దొరకదు.

"నావి తీసెయ్యి," అన్నారు బాబాయి గారు. ఆయన సొంత గొంతుతో చెప్పినవి ఏడున్నాయి.

"మీవా?"

"నేనెక్కడికి పోతాను? మళ్లీ చెప్తాను. ఇప్పుడు బుట్టలో పడెయ్. పొద్దున్న ఒకసారి బయటికి తీసి, విని, అప్పుడు బుట్ట ఖాళీ చేద్దాం."

ఏడూ తెర మీది చెత్తబుట్టలో వేశాను. ఆయన బజారుకి వెళ్లారు. నేను నోట్‌బుక్‌లో గీతలు కొడుతుంటే సందె పడింది. పిన్ని దీపానికి వత్తి సరిచేస్తోంది. దీపం పెట్టాక చెత్త బయట పారబొయ్యకూడదని పుట్టినింట్లోనూ మెట్టినింట్లోనూ విన్నదాన్ని. నిండిన బుట్ట కళ్లెదురుగా ఉంది. చెయ్యి ఆగలేదు. ఖాళీ చేసేశాను. పని ముగించానన్న తృప్తితో ఇంటికి వచ్చాను.

పొద్దున్న చూసి నవ్వారు. "దీపాల వేళకి ఊడ్చేశావా? అచ్ఛా! మీ అత్తగారు బాగానే తయారుచేసింది." నా మొహం చూసి నవ్వు ఆపారు. "పోనీలే తల్లీ. వచ్చే వారం మళ్లీ చెప్తాను." ముసలమ్మ గంటసేపు మాట్లాడింది. ఆయన తువ్వాలు అడ్డం పెట్టుకుని విన్నారు.

ఆ వచ్చే వారంలోదే ఈ మంగళవారం.

కర్మలన్నీ అయ్యాక పిన్ని ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. "ఆయన గొంతు ఒకసారి వినిపించు."

చెప్పాను. ఏదీ దాచలేదు. ఆమె పెట్టె మూత మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

"జాగా ఉందా?" అని అడిగింది చివరికి.

"కొంచెం ఉంది, పిన్నీ."

"అయితే నువ్వు చెప్పు. నీతో చెప్పేవారు కదా."

రికార్డు మొదలుపెట్టి, గుర్తున్నంత మటుకు ఆయన మాటల్లోనే చెప్పాను. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ల నాన్న షెడ్‌లో బొగ్గు మోయడానికి రావడం, పసివాడైన ఈయన్ని భుజాన ఎత్తుకుని బిలాస్‌పూర్‌లో రైలు దిగడం, ఆ రాత్రి ఎవరో పిలిచి అన్నం పెట్టడం. ఆ అన్నం పెట్టిన మనిషి పేరు నాకు గుర్తు రాలేదు. బాబాయి గారు ప్రతిసారీ ఆ పేరు చెప్పేవారు. పిన్ని వైపు చూశాను. ఆమెకీ తెలియదు. పెదవులు కదిపి, తల అడ్డంగా ఊపింది.

ఇద్దరిలో ఎవరమూ యంత్రాన్ని ఆపలేదు. తెర మీద సెకన్లు కదులుతూనే ఉన్నాయి. మాట్లాడకుండా కూర్చున్నా, మాటకి పట్టినంత జాగా పడుతుందని అప్పుడే చూశాను.